చూపు తగ్గినవారు సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు, పింఛను పొందడం ఎలా?

మా తమ్ముడికి రేచీకటి ఉంది. వైద్యులు దాన్ని రెటినైటిస్ పిగ్మెంటోజా అంటారు. ఎదురుగా గోడకున్న క్యాలెండరులో తిథి, వారం చదవగలడు గానీ, కాలి పక్కన పెట్టిన మంచినీళ్ల చెంబు తగిలి దొర్లిపోతే తప్ప అక్కడ చెంబు ఉన్నట్టు తెలియదు. వైకల్యాన్ని పరీక్షించి, అది ఎంత శాతమో రాసి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి వైద్యుడు అక్షరాల బోర్డు చదివించి, చూపు బాగానే ఉందని సున్నా శాతం రాసి పంపించారు. ఏడాది తరువాత మళ్లీ వెళ్లినప్పుడు, చూపు ఎంత విస్తీర్ణంలో మిగిలిందో చూపించే ఫీల్డ్ టెస్టు కాగితాన్ని ముందే చేయించుకుని బల్ల మీద పెట్టాడు. ఈసారి 70 శాతం వచ్చింది. ఆ ఏడాదిలో అతడి కళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు, ఫైల్లో ఒక కాగితం చేరిందంతే. అందుకే దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నదాని కంటే, శిబిరానికి వెళ్లేలోపు ఏం సిద్ధం చేసుకోవాలన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చట్టం దేన్ని కొలుస్తుంది

ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో దృష్టిలోపాన్ని అంధత్వం, తక్కువ చూపు అని రెండుగా విభజించారు. ఈ రెండింటికీ కొలత ఒకటే: రెండు కళ్లలో మెరుగైన కన్ను, అదీ సరైన అద్దాలు పెట్టుకున్న తరువాత, ఎంత చూడగలుగుతోంది అన్నది. చాలామంది ఇక్కడే పొరబడతారు. అద్దాలు తీసేస్తే ఏమీ కనిపించకపోవడం ఈ లెక్కలోకి రాదు. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండో కన్ను బాగుంటే 30 శాతానికి మించి రాదు. పింఛనుకూ, రిజర్వేషన్‌కూ కనీసం 40 శాతం ఉండాలి కాబట్టి, ఒంటికన్ను ఉన్నవారికి ధ్రువపత్రం వస్తుంది గానీ దానితో పింఛను రాదు. "కొంచెం ఖర్చు పెడితే 40 చేయిస్తాం" అనే దళారులు ఎక్కువగా వలవేసేది వీరికే. తప్పుడు మార్గంలో ఈ ప్రయోజనాలు పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అదే చట్టం చెబుతోంది.

శాతం ఎలా వస్తుందో తెలుసుకుంటే, మీ కాగితాలు చూసుకుని మీరే ఒక అంచనాకు రావచ్చు. మీ కంటి చీటీలో 6/60 అని రాసి ఉంటే, మామూలు చూపున్నవారు 60 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేరని అర్థం. మెరుగైన కంటిలో అద్దాలతో 6/18 వరకు చూపు ఉంటే, రెండో కన్ను ఏ స్థితిలో ఉన్నా శాతం 30 దాటదు. మెరుగైన కన్ను 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే, రెండో కంటి స్థితిని బట్టి 40, 50 లేదా 60 శాతం వస్తుంది. మెరుగైన కన్ను 6/60 కంటే తక్కువగా, 3/60 వరకు ఉంటే 70 లేదా 80 శాతం, అంతకంటే తగ్గి 1/60 వరకు ఉంటే 90 శాతం ఇస్తారు. రెండు కళ్లకూ కంటి ముందు చేయి ఆడించినప్పుడు ఆ కదలిక మాత్రమే తెలిసేవారికి, వెలుతురు మాత్రమే తెలిసేవారికి, అదీ తెలియనివారికి 100 శాతం.

కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్న ఈ శాతాల పట్టికకు రెండో వైపు ఒకటి ఉంది. మా తమ్ముడి విషయంలో మొదటిసారి మరిచిపోయింది దాన్నే. అక్షరాలు చదవగలిగినా చూపు నలువైపులా కుంచించుకుపోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటే దాన్ని డిగ్రీలలో కొలుస్తారు. మధ్యబిందువు చుట్టూ 40 డిగ్రీల కంటే తగ్గి 20 వరకు మిగిలితే 6/24 వరుసలోనూ, 20 కంటే తగ్గి 10 వరకు మిగిలితే 70, 80 శాతం వరుసలోనూ, 10 డిగ్రీల కంటే తక్కువైతే 90 శాతం వరుసలోనూ వేయాలి. రేచీకటి ఉన్నవారికీ, నీటికాసులు అనే గ్లకోమా ముదిరినవారికీ, మెదడుకు దెబ్బ తగిలి చూపులో సగభాగం పోయినవారికీ ఆధారం ఈ లెక్కే.

స్లాటు తీసుకునే ముందు

ముందుగా మీరు చూపించుకుంటున్న కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లి, ధ్రువపత్రం కోసం వెళ్లబోతున్నామని చెప్పండి. అద్దాల పవరును కొత్తగా పరీక్షించి, అద్దాలతో ఒక్కో కంటికి ఎంత చూపు ఉందో, జబ్బు పేరేమిటో, ఇక చికిత్సతో మెరుగయ్యే అవకాశం ఉందో లేదో స్పష్టంగా రాసి, సంతకం, ముద్ర వేసిన చీటీ అడిగి తీసుకోండి. చివరి ముక్క చాలా ముఖ్యం. చూపు పోవడానికి కారణం శుక్లమే అయితే, ముందు ఆపరేషన్ చేయించుకుని రమ్మని శిబిరంలో వెనక్కి పంపుతారు, అలా పంపడం సరైనదే కూడా. శుక్లంతో పాటు నరం దెబ్బతిన్నవారు ఆ రెండో సంగతిని చీటీలో విడిగా రాయించుకోకపోతే, శుక్లం పేరు చూడగానే వారినీ అలాగే పంపేస్తారు.

పక్కచూపు తగ్గినవారు ఫీల్డ్ టెస్టు చేయించుకోకుండా వెళ్లకూడదు. గిన్నె బోర్లించినట్టుండే యంత్రంలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో మధ్యలోని చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల చిన్న వెలుగు మెరిసినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. పరీక్ష పూర్తయ్యాక కాగితం మీద చూపున్న మేర తెల్లగా, లేని మేర నల్లగా అచ్చవుతుంది. మనం చెప్పుకునే మాటల కన్నా ఆ నల్లమచ్చ శిబిరంలో ఎక్కువ పని చేస్తుంది. అయితే ఒక చిన్న మెలిక ఉంది. గ్లకోమా రోగులకు మామూలుగా చేసే 24-2 అనే పరీక్ష మధ్యలోని 24 డిగ్రీల మేరనే చూస్తుంది. మీకు 30, 35 డిగ్రీల చూపు మిగిలి ఉంటే ఆ కాగితంలో నష్టం సరిగా కనబడదు. అటువంటప్పుడు అంతకంటే విస్తారమైన పరీక్ష రాయమని వైద్యుడిని అడగాలి. ఈ పరీక్ష పొద్దున పూట, కళ్లు అలసిపోకముందు చేయించుకోవడం మంచిది. నిద్రమత్తులో మీట తప్పుగా నొక్కితే ఫలితం నమ్మదగ్గది కాదని యంత్రమే ఆ కాగితం మీద అచ్చు వేస్తుంది, ఇక దాన్ని ఏ వైద్యుడూ లెక్కలోకి తీసుకోడు.

తరువాత ఆధార్ సంగతి చూసుకోండి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా సరిగ్గా ఉన్నాయా, ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరుకే ఓటీపీ వస్తోందా అన్నది ముందే సరిచూసుకోవాలి. పుట్టుకతోనే కనుగుడ్లు లేనివారికి, లేదా కంటిపాప స్కాన్ పడనివారికి, ఆ ఒక్క అంశాన్ని మినహాయించి ఆధార్ నమోదు చేసే ఏర్పాటు ఉంది. కళ్లు స్కాన్ కావడం లేదు కాబట్టి ఆధార్ రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ, మీసేవ కేంద్రంలో గానీ సదరం స్లాటు బుక్ చేస్తారు. స్లాట్లు విడతలవారీగా విడుదలవుతాయి. విడుదలైన రోజునే త్వరగా నిండిపోతాయి కాబట్టి, తేదీ ఎప్పుడని సచివాలయంలో ముందుగానే అడిగి ఉంచుకోవాలి. తెలంగాణలో 2025 నుంచి దరఖాస్తులను, దివ్యాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు ఇచ్చే కేంద్ర ప్రభుత్వపు యూడీఐడీ పోర్టల్ మీదుగా తీసుకుంటున్నారు. స్వావలంబన్ కార్డు పేరుతో ఉన్న ఆ పోర్టల్‌లో ఇంటి నుంచే వివరాలు నింపి, ఫోటో, ఆధార్, చిరునామా ఆధారం జతచేసి, ఆసుపత్రిని ఎంచుకోవచ్చు. అక్కడ ఎంచుకున్న వైకల్యం దృష్టికి సంబంధించినదేనా అని పంపించే ముందు ఒకసారి చదివించుకోండి, ఎందుకంటే ఆ ఎంపికను బట్టే మిమ్మల్ని ఏ విభాగపు వైద్యుడి దగ్గరికి పంపాలో నిర్ణయమవుతుంది.

2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన మూడు నెలల్లోగా ధ్రువపత్రం ఇవ్వాలి. అంతకుముందు ఈ గడువు ఒక నెలే ఉండేది. దరఖాస్తు పెట్టి రెండేళ్లపాటు పరీక్షకు వెళ్లకపోతే అది రద్దవుతుంది, మళ్లీ మొదటినుంచి దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు సంఖ్య ఉన్న రసీదును ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవడంతో పాటు, ఇంట్లో మరొకరి ఫోన్‌కు కూడా పంపండి.

శిబిరం రోజు

పొద్దున్నే టిఫిను తిని, ఇంటి నుంచి తోడు ఒకరిని తీసుకుని వెళ్లండి. వరుస పొడవుగా ఉంటుంది, నిల్చునే చోట నీడ ఉంటుందన్న హామీ లేదు. ఆధార్ అసలు కార్డు, రెండు మూడు ఫోటోలు, స్లాటు రసీదు, ఇప్పుడు వాడుతున్న అద్దాలు, పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టిన ఫైలు వెంట ఉండాలి. ఫైల్లో అన్నిటికంటే పైన తాజా చీటీ, దాని కింద ఫీల్డ్ టెస్టు కాగితం పెట్టండి. వైద్యుడు ఒక్కొక్కరికి ఇవ్వగలిగే సమయం నాలుగైదు నిమిషాలే. నలభై కాగితాల కట్టను ఆయన చేతికిస్తే పైనున్న రెండు చూసి పక్కన పెడతారు.

అంతకుముందు రోజు కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకోకండి. అద్దాలు ఇంట్లో మరిచిపోయినట్టు నటించడం, కనిపించే అక్షరాన్ని కనిపించలేదనడం అసలే వద్దు. అనుమానం వస్తే కంటి నరాల స్పందనను కొలిచే పరీక్షలకు పంపుతారు, అక్కడ నటన నిలవదు, పైగా మిగతా నిజం మీద కూడా నమ్మకం పోతుంది. కనిపించింది కనిపించినట్టు చదివి, బోర్డు పరీక్ష అయ్యాక, "సార్, నాకు అక్షరాల్లో ఇబ్బంది లేదు, పక్కచూపు లేదు, దాని పరీక్ష ఇదిగో" అని ఒక్క మాటలో చెప్పండి. మా తమ్ముడు రెండోసారి చేసింది సరిగ్గా ఇదే. వైద్యుడు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, పక్కన కూర్చున్న ఆపరేటరుతో అప్పటికే కొట్టిన అంకెను తీసేయించారు.

తరువాత వచ్చే ధ్రువపత్రంలో నాలుగు విషయాలు అక్కడికక్కడే చదివించుకోండి: పేరు, వైకల్యం రకం, శాతం, అది శాశ్వతమా తాత్కాలికమా అన్నది. యూడీఐడీ కార్డు మీది పట్టీ రంగు కూడా శాతాన్ని బట్టే ఉంటుంది. 40 శాతానికి తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు అయితే పసుపు, 80 ఆ పైన అయితే నీలం. ఈ కార్డు దేశమంతటా చెల్లుతుంది. బెంగళూరులోనో చెన్నైలోనో పనిచేసుకునే తెలుగువారు ఊరు మారిన ప్రతిసారీ కొత్త ధ్రువపత్రం కోసం తిరగనవసరం లేదు.

శాతం తక్కువ రాస్తే

నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోగా, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి రాతపూర్వకంగా అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తులో కన్నీటి కథ అక్కరలేదు. మెరుగైన కంటి చూపు ఇంత, మిగిలిన మేర ఇన్ని డిగ్రీలు, మార్గదర్శకాల ప్రకారం ఈ వరుసలోకి రావాలి, శిబిరంలో ఫీల్డ్ టెస్టును పరిగణించలేదు అని నాలుగు వాక్యాల్లో రాసి, పరీక్ష కాగితాల నకళ్లు జతచేయండి. జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే కార్యక్రమానికి వెళ్లండి. దాన్ని తెలంగాణలో ప్రజావాణి అనీ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అనీ అంటారు. అక్కడ ఇచ్చిన అర్జీకి సంఖ్య పడుతుంది కాబట్టి తరువాత అడగడానికి ఆధారం ఉంటుంది.

ధ్రువపత్రం ఎప్పుడో వచ్చినవారు కూడా కంటి కాగితాలను పారేయకూడదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పొందుతున్న దివ్యాంగుల ధ్రువపత్రాలను మళ్లీ పరిశీలించారు. 40 శాతం కంటే తక్కువగా తేలినవారికి నోటీసులు వెళ్లాయి. పాత ఫీల్డ్ టెస్టు, ఆపరేషన్ కాగితాలు దాచుకున్నవారు ఇటువంటి సమయంలో జవాబు చెప్పగలుగుతారు.

పింఛను

ధ్రువపత్రం రాగానే పింఛను దానంతట అది మొదలవదు, దానికి వేరే దరఖాస్తు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 40 శాతం ఆ పైన ఉన్న దివ్యాంగులకు 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. దరఖాస్తు సచివాలయంలో ఇవ్వాలి. అదే పథకంలో 15,000 రూపాయల పింఛను ఉన్న మాట నిజమే గానీ, అది పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారిది, 100 శాతం చూపు లేనివారికి కూడా వర్తించదు. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగుల పింఛనును 2023 జులైలో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు. అక్కడ గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి ద్వారా, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయం ద్వారా దరఖాస్తు వెళుతుంది. రెండు చోట్లా కుటుంబ ఆదాయం, భూమి, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం వంటి వాటిని చూస్తారు కాబట్టి, రేషన్ కార్డులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో ముందే సరిచూసుకోండి. పెళ్లై వేరు కాపురం పెట్టిన ఉద్యోగి కొడుకు పేరు ఇంకా అమ్మ కార్డులోనే ఉండిపోవడం వల్ల ఆగిన దరఖాస్తులు మా వీధిలోనే రెండు ఉన్నాయి.

ప్రయాణం, చదువు, ఉద్యోగం, పన్ను

రైలు రాయితీ విషయంలో ఒక నిరాశ ముందే చెప్పాలి. అది పూర్తిగా చూపు లేనివారికే వర్తిస్తుంది, తక్కువ చూపు ఉన్నవారికి రాదు. అర్హత ఉన్నవారికి సెకండ్ క్లాసు, స్లీపరు, ఏసీ చైర్ కారు, త్రీ టైర్ ఏసీలలో 75 శాతం, టూ టైర్, ఫస్ట్ ఏసీలలో 50 శాతం తగ్గింపు ఉంటుంది. రాజధాని, శతాబ్ది రైళ్ల త్రీ టైర్ ఏసీ, చైర్ కారుల్లో మాత్రం 25 శాతమే. తోడు వచ్చే ఒకరికీ అదే తగ్గింపు ఇస్తారు. సదరం పత్రం చూపిస్తే సరిపోదు. రైల్వే నమూనాలో ఉన్న రాయితీ పత్రం మీద ప్రభుత్వ వైద్యుడి సంతకం చేయించి, రైల్వే వారి దివ్యాంగజన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకుని, ఫోటో గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఆ కార్డు సంఖ్యతో ఇంటి నుంచే టికెట్టు బుక్ చేసుకోవచ్చు. ఆర్టీసీ పాసుకు బస్ పాస్ కౌంటరులోనే ధ్రువపత్రం చూపించి దరఖాస్తు చేయాలి.

చదువుకునే పిల్లలకు ఈ ధ్రువపత్రం పింఛను కన్నా విలువైనది. పరీక్షల్లో చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని కోరవచ్చు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అయితే ఇవి పరీక్షనాడు హాలులో అడిగితే దొరకవు, ఫీజు కట్టే సమయంలోనే దరఖాస్తులో గుర్తు పెట్టి, ప్రధానోపాధ్యాయుడితో రాయించాలి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పోస్టులు దివ్యాంగులకు కేటాయించాలి. ఆ నాలుగులో ఒక శాతం అంధులకు, తక్కువ చూపు ఉన్నవారికి దక్కుతుంది. చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగాల పోటీ నుంచి కూడా ఎవరినీ తప్పించకూడదని సుప్రీంకోర్టు 2025 మార్చి 3న తీర్పు ఇచ్చింది.

ఉద్యోగం చేస్తున్నవారు పాత పన్ను విధానాన్ని ఎంచుకుంటే, ఇన్నేళ్లుగా 80యు పేరుతో తెలిసిన మినహాయింపు కింద 40 శాతం నుంచి 75,000 రూపాయలు, 80 శాతం నుంచి 1,25,000 రూపాయలు ఆదాయంలోంచి తీసివేయవచ్చు. కొత్త విధానంలో ఇది లేదు. జీతం పెద్దదైతే రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

చేతికర్ర, చదివి వినిపించే పరికరం, బ్రెయిలీ సామగ్రి వంటివి దివ్యాంగులకు పరికరాలు అందించే కేంద్రపు అడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే అలింకో సంస్థ శిబిరాల్లో ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా ఇస్తారు. ఈ శిబిరాల సమాచారం కూడా జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ దగ్గరే దొరుకుతుంది. పరికరం తీసుకున్నంత మాత్రాన వాడకం రాదు. కర్రతో నడవడం, ఫోనుతో చదివించుకోవడం నేర్పించే పునరావాస విభాగాలు హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఉన్నాయి. మా తమ్ముడు ఆ కర్రను ఆరు నెలలు తలుపు వెనకే ఉంచాడు. వాడటం ఎలాగో ఒకరు నేర్పాకే చేతిలోకి తీసుకున్నాడు.

పింఛను జమయ్యే బ్యాంకులో చూపు లేదన్న కారణంతో చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్, లాకరు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే ఆదేశించింది. జాయింటు ఖాతా తెరిస్తేనే కార్డు ఇస్తామని కౌంటరులో అంటే ఆ ఆదేశాన్ని పేరుపెట్టి ప్రస్తావించి, నిరాకరణను కాగితం మీద రాసివ్వమని అడగండి.

ధ్రువపత్రం తాత్కాలికమైతే గడువు ముగిసే తేదీని ఇంటి క్యాలెండరులో మూడు నెలల ముందు పేజీ మీద రాసి పెట్టండి, స్లాటు దొరకడానికి ఆ వ్యవధి కావాలి. గడువు దాటితే పింఛను ఆ నెల నుంచే ఆగవచ్చు.